యాభై రెండోవాడు

నాలుగు కావడానికి ఇంకా గంటా రెండు నిమిషాలుంది, ఈ సిగ్నల్లో ఎర్రదీపం మాత్రం నాలుగు దాటాకే పోయేలా ఉంది అనుకుంటూ బోడ్నార్ పక్కసీటులో ఉన్న అట్టఫైలు జారకుండా అరచేత్తో నొక్కిపట్టాడు, నొక్కిపట్టాల్సిన పనేం లేదు, కారు కదలడం లేదు, అయినా ముప్పై ఏళ్ళుగా ప్రతి మార్చిలోనూ ఈ గంటలో అతని చెయ్యి ఏదో ఒకదాన్ని నొక్కిపట్టే ఉంటుంది, బల్ల అంచునో, ఫోన్‌నో, తన మోకాలినో. అద్దం మీద వానా కాదు మంచూ కాదు, రెండూ కలిసిన గుజ్జులాంటిది పడుతోంది, వైపర్ దాన్ని ఆ పక్కకి నెడితే అది మళ్ళీ ఈ పక్కకి జారుతోంది, టొలీడో మార్చి నెలకి ఏనాడూ సిగ్గు లేదు. ఫైలులో రెండు కాగితాలున్నాయి. మొదటిది జట్టు జనరల్ మేనేజరు బ్రెంట్ హాలోవే ఇచ్చి పంపింది. రెండోది హాలోవేకి తెలియకుండా తను దాని కింద పెట్టుకొచ్చింది, ఎందుకు పెట్టుకొచ్చాడో తనకీ సరిగ్గా తెలియదు, దొంగతనం చేసినవాడిలా ప్రింటర్ దగ్గర అటూ ఇటూ చూసి మరీ తీసుకున్నాడు, యాభై ఆరేళ్ళ వయసులో, జీతాల లెక్కంతా తన తలలో మోసే మనిషి, తన ఆఫీసులో తనే దొంగ.

ఆటలు లేని కాలమే అసలు ఆట అని బయటివాళ్ళకి ఎవరికి తెలుసు. ఆదివారాలు టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తూ అరిచేవాళ్ళకి హెల్మెట్లు కనిపిస్తాయి, దెబ్బలు కనిపిస్తాయి, గీత కనిపించదు. ప్రతి జట్టుకీ లీగ్ ఒక గీత గీస్తుంది, ఆటగాళ్ళ జీతాలన్నీ కలిపి ఏడాదికి ఇంతకి మించకూడదని, మార్చిలో ఈ బుధవారం సాయంత్రం నాలుగు కొట్టేసరికి ప్రతి జట్టూ ఆ గీత కిందికి వచ్చి ఉండాలి. ఒక్క డాలర్ పైనున్నా ఆ రోజు రాసుకున్న ఒప్పందాలన్నీ చెల్లవు, పైగా జరిమానా, పైగా పరువు. గ్లాస్‌మెన్ జట్టు ఇప్పుడు, ఈ నిమిషంలో, గీతకి పద్దెనిమిది లక్షల డాలర్లు పైనుంది. పొద్దున్న లేదు. పొద్దున్న తను కాఫీ తాగుతూ చూసుకున్నప్పుడు గీత కింద చల్లగా పడుకుని ఉంది జట్టు, మధ్యాహ్నం హాలోవే టెక్సాస్ నుంచి బంతి పట్టుకుని పరుగెత్తే కుర్రాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చాడు, వాడి పిక్కల వీడియో చూసి యజమాని కళ్ళు చెమర్చాయట, ఇక లెక్క ఎవడిక్కావాలి. గాజుబల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. హాలోవేకి ముప్పై ఆరేళ్ళు, రెండు పెద్ద చదువులు, సాక్సులు లేకుండా బూట్లు వేసుకుంటాడు. గోడమీది తెరలో పేర్లన్నీ జీతాల వరుసలో మెరుస్తుంటే వేలితో ఒక పేరు తాకాడు, ఆ పేరు ఎర్రబడింది. ఓడెల్ ప్రూయిట్. ఎడమ గార్డు, ముప్పై నాలుగేళ్ళు, ఈ జట్టులోనే పదకొండేళ్ళు. పక్కన అంకె పడింది: తీసేస్తే ఇరవై ఐదు లక్షలు ఆదా.

"ఇదిగో, సరిపోయింది, పైన ఏడు లక్షలు మిగులు కూడా," అన్నాడు హాలోవే, లైబ్రరీలో పుస్తకం దొరికినవాడిలా. "కావాలంటే ఉండమందాం. జీతం యాభై లక్షల్లోంచి ఇరవై తగ్గించుకుంటానని సంతకం పెడితే ఉంటాడు. లేకపోతే మూడూ యాభైకి తీసేస్తున్నట్టు లీగ్‌కి రాసేద్దాం. ఎలాగైనా మనం గీత కిందే."

"అతని ఏజెంటుకి ఫోన్ చేశాను," అన్నాడు బోడ్నార్. "ఓడెల్ ఏట్లో ఉన్నాడట. చేపల రోజుల్లో అతను ఏజెంటు చేసినా ఫోనెత్తడు."

"అయితే నువ్వు వెళ్ళు ఆండ్రూ. నీకు అతను తెలుసుగా."

తెలుసు. దీపం పచ్చబడింది. వెనకాల వాడు హారన్ కొట్టాడు, కొట్టరా, నువ్వూ కొట్టు. ఓడెల్ తెలియడమంటే ఏమిటి, పదకొండేళ్ళ కింద జట్లు కొత్తవాళ్ళని ఎంచుకునే వేలంలో ఐదో రౌండులో మిసిసిపీ నుంచి వచ్చాడు, మొదటిరోజు అందరూ జీతం గురించి అడిగితే వాడు మాత్రం ఈ ఊళ్ళో నది ఎటు పారుతుందని అడిగాడు, వాళ్ళ అమ్మమ్మ బురదనీళ్ళలో చేపలు పట్టి పెంచిందట. బంతి ముట్టుకోని ఉద్యోగం వాడిది. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడి, ఎదుటి జట్టులోని నూట ముప్పై కేజీల మనిషి వచ్చి గుద్దితే కదలకుండా ఉండటం, పదకొండేళ్ళు, వారానికి అరవైసార్లు, మోకాళ్ళు రెండూ కోయించుకుని, వేళ్ళు నాలుగు వంకరపోయి. వాడి పేరు స్టేడియంలో ఎప్పుడు వినిపిస్తుందంటే వాడు తప్పు చేసినప్పుడే. అందుకే వాడంటే తనకి ఇష్టమేమో, పేరు తప్పుకి మాత్రమే వినిపించే మనుషుల్లో తనూ ఒకడు, జీతాల లెక్క సరిగ్గా ఉన్న ఇరవై తొమ్మిదేళ్ళు ఎవడూ శభాష్ అనలేదు, ఒక్క ఏడాది గుమస్తా ఒకడు సున్నా తప్పేస్తే వారం రోజులు అందరికీ బోడ్నార్ పేరు గుర్తొచ్చింది.

నదిపక్క రోడ్డు తీసుకున్నాడు. ఎడమవైపు పాత గాజు ఫ్యాక్టరీ ప్రహరీ, లోపల ఇప్పుడు ఏమీ లేదు, పిచ్చిమొక్కలు, ఒక చిమ్నీ, దాని మీద పక్షి గూడు. దీన్ని చూడకుండా పోవాలంటే హైవే ఎక్కాలి, ఎక్కడు, ప్రతిసారీ ఇటే వస్తాడు, పుండుని గోకినట్టు. నాన్న ఇందులో కొలిమి దగ్గర పద్దెనిమిదేళ్ళు చేశాడు. హంగరీ నుంచి వచ్చిన మనిషి, ఇంగ్లీషులో అంకెలూ బూతులూ తప్ప రావు, ఆ రెండూ చాలు అనేవాడు. చేతులు ఎర్రగా ఉడికినట్టుండేవి, వేడిపాలు గ్లాసు వట్టిచేత్తో ఎత్తితే అమ్మ కెవ్వుమనేది, ఆయన నవ్వేవాడు. తనకి పదిహేనేళ్ళప్పుడు ఒక మార్చి నెలలోనే, కోటు వేసుకున్న మనిషి ఒకడు కొలిమి దగ్గరికి కాగితం పట్టుకొచ్చాడట, జీతం నాలుగో వంతు తగ్గించుకుంటే కొలిమి ఆరదు, లేకపోతే ఆర్పేస్తాం, సంతకం పెట్టండి. అందరూ పెట్టారు. నాన్న వేలు వణికి కాగితం మీద మసి ముద్ర పడిందని చెప్పాడు, అది చెబుతున్నప్పుడు కూడా నవ్వాడు, ఇంకో కాగితం అడిగితే అవసరం లేదన్నాడట కోటు మనిషి. అక్టోబరులో కొలిమి ఆర్పేశారు. ఆర్పాలని జనవరిలోనే తేల్చుకున్నారని తర్వాత తెలిసింది. ఏడు నెలలు నాలుగో వంతు తక్కువ జీతానికి పనిచేయించుకోడానికి ఆ కాగితం. ఆ కోటు మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. మొహం కూడా చెప్పలేకపోయాడు నాన్న, తల ఎత్తలేదురా వాడు, కాగితం వైపే చూశాడు అన్నాడు.

ఫైలు మీద చెయ్యి తీసేశాడు బోడ్నార్. ఎందుకో వేడిగా తగిలింది.

పదహారు నిండగానే బడి మానేశాడు, ఎవరూ వద్దనలేదు, అమ్మ ఒక్కతే పుస్తకాల సంచీని మేకుకి తగిలించి ఏడాదిపాటు తియ్యలేదు. స్టేడియం లాండ్రీలో చేరాడు, ఆటగాళ్ళ చొక్కాలు, మట్టి, రక్తం, పచ్చిక మరకలు, మూడు పెద్ద యంత్రాలు, వాటి రొద. తనకి ఇరవై నాలుగేళ్ళప్పుడు లీగ్ ఈ గీత గీసింది, మూడు వందల పేజీల నిబంధనల పుస్తకం ఒకటి పంపింది, పైన లాయర్లకి తల తిరిగింది, ఎవడో ఆ పుస్తకాన్ని కిందికి తెచ్చి లాండ్రీ బల్ల కాలు ఊగుతుంటే దాని కింద పెట్టాడు. బల్ల కింది నుంచి తీసి చదివాడు తను. బట్టలు ఆరేంతసేపు, ఒక శీతాకాలమంతా. ఎవడికీ ఎక్కని నిబంధన తనకి మొదటిసారికే ఎక్కింది, ఎందుకంటే అది పుస్తకంలో కాదు, చర్చి హాల్లో ఉంది. ఆటలు లేని కాలంలో జట్టులో తొంభై మంది దాకా ఉండొచ్చు, కానీ లెక్కకొచ్చేది జీతాల వరుసలో పైనున్న యాభై ఒక్కమందే. మిగతావాళ్ళు జట్టులో ఉంటారు, పరుగెత్తుతారు, చెమటోడుస్తారు, లెక్కలో మాత్రం ఉండరు. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో శుక్రవారం శుక్రవారం చర్చి హాల్లో చేపల భోజనం పెడతారు, అమ్మ వడ్డించేది, కుర్చీలు కొన్నే, జనం చాలా, పళ్ళేలు పట్టుకుని గోడవారన నిలబడేవాళ్ళు. ఒకడు తిని లేస్తే కుర్చీ ఖాళీగా ఉంటుందా, గోడకి ఆనుకున్నవాడు వచ్చి కూర్చుంటాడు. అంతే నిబంధన. పైకి వెళ్ళి లాయర్లకి చేపల భోజనం కథ చెప్పాడు, వాళ్ళు నవ్వారు, మర్నాడు మళ్ళీ పిలిచారు, ఆ తర్వాత కిందికి పోనివ్వలేదు. పైకీ పోనివ్వలేదు. పెద్ద కుర్చీ మూడుసార్లు ఖాళీ అయింది, మూడుసార్లూ బయటి నుంచి వచ్చి కూర్చున్నారు, చదువుకున్నవాళ్ళు, మొదటివాడు తనని ఆంటొనీ అని పిలిచేవాడు రెండేళ్ళపాటు, దిద్దలేదు తను, దిద్దడం కూడా పరువు తక్కువ అనిపించింది. ముప్పై ఏళ్ళుగా పళ్ళెం పట్టుకుని గోడవారన ఉన్నది తనే, తన కుర్చీ మీద ఎవడెవడో కూర్చుని పోతున్నాడు.

వంతెన ఎక్కింది కారు. కింద నది కాఫీ రంగులో, ఒడ్డున ఇంకా మంచుపలకలు. గదిలోంచి బయటపడ్డప్పటి నుంచీ ఏదో గుచ్చుతోంది, పంటిలో ఇరుక్కున్న నార లాగా, ఓడెల్ గురించి కాదు, నాన్న గురించీ కాదు, ఇంకేదో. ఇరవై ఐదు లక్షలు. ఆ అంకె. పేరు ఎర్రబడింది, ఇరవై ఐదు అని పడింది, హాలోవే నవ్వాడు. ఓడెల్ జీతం యాభై. తీసేస్తే యాభై మిగలదు, వాడు ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడే ఇచ్చేసి, ఏడాదికింత అని లెక్కరాసే డబ్బులో ఇంకా లెక్కకెక్కని ఇరవై ఐదు ఒక్కసారే వచ్చి మీద పడుతుంది, మేం చచ్చిన డబ్బంటాం దాన్ని, మనిషి పోయినా అది పోదు. యాభైలో ఇరవై ఐదు పోతే ఇరవై ఐదు, నిజమే, తెర సరిగ్గానే చెప్పింది. అయితే ఏమిటి గుచ్చేది. ఓడెల్ లేచి వెళ్ళిపోయాడు, సరే, లేచాడు, కుర్చీ...

కుర్చీ.

వంతెన మధ్యలో కారు దానంతటదే నెమ్మదించింది, అంటే తన కాలు నెమ్మదించింది, వెనక లారీ వాడు తిట్టుకుంటూ దాటిపోయాడు. కుర్చీ ఖాళీగా ఉండదు. ఓడెల్ లేస్తే గోడవారనున్న యాభై రెండోవాడు వచ్చి కూర్చుంటాడు, వాడి పళ్ళెంలో పది లక్షలుంటుంది, అందరికంటే తక్కువ జీతం, కానీ పదే. ఆదా ఇరవై ఐదు కాదు. పదిహేను. కావాల్సింది పద్దెనిమిది. ఓడెల్‌ని తీసేసినా గీతకి మూడు లక్షలు పైనే ఉంటారు, మూడూ యాభైకి హాలోవే లీగ్‌కి పంపితే నాలుగింటికి లీగ్ తిప్పికొడుతుంది, టెక్సాస్ పిక్కలు టెక్సాస్‌కే పోతాయి. బోడ్నార్ నవ్వాడు, గట్టిగా, ఒక్కడే, కారు అద్దాలకి ఆవిరి పట్టేలా. రెండు పెద్ద చదువులు, అంత పెద్ద తెర, యాభై రెండోవాణ్ణి మర్చిపోయారు. ఎందుకు మర్చిపోరు. ఆ కుర్రాళ్ళు రాసిన ప్రోగ్రాములో పేరు తీసేస్తే ఒక పేరు తగ్గుతుంది అంతే, చర్చి హాల్లో గోడవారన ఎప్పుడూ నిలబడలేదుగా వాళ్ళు.

చెప్పకపోతే. ఆ ఆలోచన పుల్లగా తియ్యగా నాలుక మీదికి వచ్చింది, అమ్మ చేసే మిరపపొడి పులుసులా, మింగబుద్ధి కాలేదు. ఫోన్ చెయ్యకుండా ఏటి ఒడ్డున కారాపుకుని కూర్చుంటే చాలు. నాలుగింటికి హాలోవే మొహం. యజమాని మొహం. రేపు పేపర్లో పేరు, సాక్సులు లేని బూట్లు మెట్లు దిగిపోవడం. నాలుగోసారి పెద్ద కుర్చీ ఖాళీ. కానీ హాలోవే పోయేలోపు ఓడెల్ పోయుంటాడు, లీగ్‌కి తీసేశామని రాశాక వెనక్కి తీసుకోడానికి లేదు, వాడు పదకొండేళ్ళు గోడలా నిలబడింది ఇంకొకడి చదువు పరువు తియ్యడానికి కాదు. పోనీ ఇప్పుడే ఫోన్ చేసి చెబితే? చెబితే హాలోవే ఏం చేస్తాడో తెలుసు. సరే అయితే ఓడెల్‌తో పాటు ఇంకొకణ్ణి కూడా తీసేద్దాం అంటాడు, వేలితో ఇంకో పేరు తాకుతాడు, అదీ ఎర్రబడుతుంది. అందుకే రెండో కాగితం పెట్టుకొచ్చాడా తను. చెయ్యికి తెలిసింది, బుర్రకి వంతెన మీద తెలిసింది.

పోనీ, మూడో దారి అన్నిటికంటే తేలిక. హాలోవే చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. ఓడెల్ ముందు నిలబడి, సంతకం పెడితే ఉంటావు, లేకపోతే మూడూ యాభైకి పోతావు అనడం. వాడు పెట్టేస్తాడు. ముప్పై నాలుగేళ్ళ గార్డుని ఎవరు తీసుకుంటారు. ఇరవై లక్షలు తగ్గుతుంది, జట్టు గీత కిందికొస్తుంది, వాడు జట్టులో ఉంటాడు, అందరికీ బాగు. అబద్ధం ఒక్కటే. తీసెయ్యలేమని తెలిసీ తీసేస్తామనడం. కాగితం వైపు చూస్తూ అంటే సరిపోతుంది, తల ఎత్తక్కర్లేదు.

మూడూ ఇరవై మూడుకి లంక దగ్గర కారాపాడు. ఒడ్డున ట్రక్కులు బారులు తీరి ఉన్నాయి, ఓడెల్ నీలం ట్రక్కు కూడా. ఈ మూడు వారాలు ఊరు ఊరంతా ఏట్లోనే ఉంటుంది, సరస్సులోంచి వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ప్రవాహానికి ఎదురెక్కుతాయి, రబ్బరు ప్యాంట్లు వేసుకున్న మనుషులు నడుము లోతులో వరసగా నిలబడి గాలాలు విసురుతారు, డాక్టర్లూ లారీ డ్రైవర్లూ పక్కపక్కన, ఎవడి భుజం ఎవడికి తగిలినా తిట్టుకోరు. నాన్నతో వచ్చేవాడు తను. కొలిమి ఆరిపోయిన తర్వాతి మార్చిలో కూడా వచ్చారు, ఇంట్లో అమ్మ పెనం పెట్టుకుని చూస్తోంది, రోజంతా ఒక్కటి పడలేదు, చీకటి పడేముందు పడింది, చెయ్యంత చేప, గాలం రెక్క పక్కన గుచ్చుకుంది. నోటికి తగిలితేనే మనది, పక్కకి తగిలితే వదిలెయ్యాలి, ఇక్కడ రూలు. చుట్టూ ఎవరూ లేరు. నాన్న దాన్ని వదిలేశాడు. నాన్నా ఎవరూ చూడట్లేదు అన్నాడు తను, ఏడుపొచ్చి. చేప చూసింది కదరా అన్నాడాయన. ఆ రాత్రి ఉడికించిన బంగాళాదుంపలు తిన్నారు. తర్వాత తను ఏట్లో దిగలేదు.

ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాడు. ఓడెల్ చూడలేదు, వాడి గాలం విల్లులా వంగి ఉంది. పక్కనున్న ముసలాయన అరిచాడు, "ఏవండోయ్ టై కట్టుకున్నాయనా, చేపలకి ఇంటర్వ్యూలు పెట్టారా ఏంటి!" అందరూ నవ్వారు. ఓడెల్ వంగి వలసంచీతో చేపని పైకెత్తాడు, లావుపాటి ఆడచేప, పొట్టనిండా గుడ్లు, ఒళ్ళంతా ఇత్తడి రంగు, గాలం వీపు మీద గుచ్చుకుని ఉంది. పదకొండేళ్ళు మనుషుల్ని తోసిన వంకర వేళ్ళతో, బిడ్డ కాలి ముల్లు తీసినట్టు తీశాడు దాన్ని. చేప తల ప్రవాహం వైపు తిప్పి రెండు చేతుల మధ్య కాసేపు పట్టుకుని వదిలాడు.

"అంత పెద్దదాన్ని వదిలేస్తావేంట్రా! ఇవాళ చేపల శాఖ అధికారి కూడా రాలేదు!" అన్నాడు ముసలాయన.

"అది నోరు తెరవలేదు మావా," అన్నాడు ఓడెల్. "నేనే గుచ్చేశాను. దాన్ని పట్టుకోడం అనరు."

బోడ్నార్ నీళ్ళలోకి నడిచాడు. బూట్లతోనే, టైతోనే, ఫైలు తలమీద పెట్టుకుని. చలి మొదట కాటేసింది, తర్వాత కాళ్ళు తనవి కాకుండా పోయాయి. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. వరసలో మనుషులు నవ్వడం మానేసి జరిగి దారిచ్చారు.

"నీకేమైనా పిచ్చా పెద్దాయనా," అన్నాడు ఓడెల్. తర్వాత ఫైలు చూశాడు. టైము చూసుకోలేదు, అక్కర్లేదు, ఈ బుధవారం ఏమిటో పదకొండేళ్ళుగా తెలుసు వాడికి. గాలం చుట్టుకున్నాడు. "నువ్వే వచ్చావంటే నా పని అయిపోయిందన్నమాట. ఫోన్లో చెప్పినా చాలుగా."

"ఫోన్ ట్రక్కులో పెట్టుకుంటే ఎలా చెప్పను."

"చేపలు ఫోన్లు చెయ్యవుగా." నవ్వబోయాడు, రాలేదు. "చెప్పు."

"రెండు కాగితాలున్నాయి. మొదటిదానికి సంతకం పెడితే నీ జీతంలో ఇరవై లక్షలు తగ్గుతుంది."

"పెట్టకపోతే?"

"మూడూ యాభైకి తీసేస్తామని చెప్పమన్నారు."

"తీసేస్తారా?"

నీళ్ళు మోకాళ్ళ చుట్టూ గుడగుడమంటున్నాయి. కాగితం వైపు చూడాలనిపించింది బోడ్నార్‌కి. తల ఎత్తాడు. ఓడెల్ గడ్డంలో మంచుపలుకులున్నాయి, కళ్ళు ఎర్రగా, పొద్దున్నించీ గాలిలో ఉన్నందుకో ఇంకెందుకో.

"తీసేద్దామనే ఉన్నారు. తీసేస్తే లెక్క కుదరదు. మూడు లక్షలు తక్కువ పడుతుంది. వాళ్ళకింకా తెలియదు. నాకు వంతెన మీద తెలిసింది."

ఓడెల్ గాలం కర్ర చంకలో ఇరికించుకున్నాడు. "ఇది నాకు చెప్పినట్టు వాళ్ళకి తెలిస్తే నీ ఉద్యోగం ఊడుతుంది కదా."

"ఊడొచ్చు."

"రెండోది ఏంటి?"

"జీతంలో సగం, ఇరవై ఐదు, ఇప్పుడే చేతికిచ్చేస్తాం. నీకు ఒక్క డాలర్ తగ్గదు. మా లెక్కలో మాత్రం దాన్ని ఐదేళ్ళ మీద పరుస్తాం, ఏడాదికి ఐదు. ఈ ఏడాది ఇరవై మిగులుతుంది మాకు. హాలోవేకి ఇది నచ్చదు, రాబోయే ఏళ్ళమీద బరువు పెట్టడం అంటాడు. అది కూడా నిజమే."

"ఐదేళ్ళా? నాకు ముప్పై తొమ్మిదొస్తాయి. అప్పటికి నేనెక్కడుంటాను పెద్దాయనా, ఇదిగో ఇక్కడ, ఈ మావ పక్కన."

"నువ్వుండవు. నీ పేరుంటుంది. ప్రతి మార్చిలోనూ నా వరుసలో ఓడెల్ ప్రూయిట్, ఐదు లక్షలు అని ఉంటుంది. నువ్వు మానేసినా తీసేసినట్టు రాయను, అలా రాస్తేనే అంతా ఒక్కసారి మీద పడేది."

ఇది చెప్పేదాకా ఈ మాట తనకి తట్టలేదు. చచ్చిన డబ్బని ముప్పై ఏళ్ళుగా తిట్టుకున్నాడు దాన్ని. గాజు ఫ్యాక్టరీ పుస్తకాల్లో నాన్న పేరు అక్టోబరు నెలతో ఆఖరు, మసి ముద్రతో సహా ఆ కాగితాలు ఏ చెత్తబండిలో పోయాయో, పద్దెనిమిదేళ్ళు కొలిమి ముందు నిలబడ్డ మనిషికి ఆ తర్వాతి ఏడాది ఒక్క గీత కూడా లేదు. వీడికి ఉంటుంది. లేకపోయినా లెక్కలో ఉంటాడు. ఎవడు వచ్చి ఏ కుర్చీలో కూర్చున్నా ఆ ఐదు లక్షలు చూసి, ఎవరీ మనిషి అని అడగాలి.

ఓడెల్ ఇప్పుడు నిజంగా నవ్వాడు. "పెన్ను తడవలేదుగా?"

ముసలాయన ఒంగి వీపు ఇచ్చాడు బల్లలా, "కానియ్యండి, పెళ్ళి సంతకాలా ఏంటి," అంటూ. వంకరవేళ్ళతో ఓడెల్ సంతకం పెట్టాడు. కాగితం మూలన చేపజిగురు అంటింది. ఇంకో కాగితం అక్కర్లేదు అనుకున్నాడు బోడ్నార్, ఉండనీ. జట్టు తరఫున తనూ పెట్టాడు, ఆ హక్కు ఒక్కటైనా ఇచ్చారు. టైము మూడూ నలభై ఒకటి. ఫోన్ తీశాడు.

"బ్రెంట్, ఓడెల్‌ని తీసేస్తే మనకి మిగిలేది పదిహేను."

"ఇరవై ఐదు. నా ఎదురుగా తెరమీదుంది."

"యాభై రెండోవాణ్ణి మర్చిపోయావు."

అవతల వేళ్ళు బల్లమీద టకటకలాడటం, తర్వాత ఒక బూతు, సన్నగా, బాగా చదువుకున్న బూతు. "నీకెప్పుడు తెలిసింది?"

"దార్లో. ఇప్పుడు నా చేతిలో సంతకమైన కాగితం ఒకటుంది, ఇరవై మిగిల్చేది. సగం జీతాన్ని ముందుకి పరిచాను."

"వద్దన్నాను కదా అది. వచ్చే ఏళ్ళ మీద..."

"పడుతుంది. ఏడాదికి ఐదు. ఎక్కడ పెట్టి మొయ్యాలో నాకు తెలుసు, బల్ల మీద పరిచి చూపిస్తాను రేపు. కాదంటావా, ఓడెల్‌తో పాటు ఇంకొకణ్ణి వెతుక్కో, పద్దెనిమిది నిమిషాలుంది." గొంతు తనదేనా అనిపించింది.

"పంపు," అన్నాడు హాలోవే. బోడ్నార్ ఫోన్ పెట్టెయ్యబోతుంటే మళ్ళీ పిలిచాడు. "ఆండ్రూ. ఎవడతను? ఆ యాభై రెండోవాడు?"

పైఅంతస్తు వాళ్ళెవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. మొదటి పదిమంది పేర్లు యజమాని మనవడికి కూడా తెలుసు, వరుస కిందనుంచి పైకి తెలిసినవాడు తనొక్కడే. "కేలబ్ ఆర్సెనో," అన్నాడు. "లూసియానా. గార్డు ఆడతాడు. చేతులు పెద్దవి, అడుగులు ఇంకా కుదర్లేదు."

"ఓహో," అన్నాడు హాలోవే, "ఆ ప్రోగ్రాము రేపు నువ్వే సరిచేయించు. నువ్వు కూర్చుని చెప్పు, వాళ్ళు రాస్తారు." నా పక్కన కూర్చుని అనలేదు. థాంక్స్ అనలేదు. అయినా కూర్చుని అన్నాడు.

కాగితం ఫోటో తీసి లీగ్‌కి పంపాడు. పక్కనుంచి విన్న ఓడెల్ అన్నాడు, "ఆర్సెనోనా? వాడి అడుగులు కుదరకపోవడం కాదు, వాడికి ఎవడూ చెప్పలేదు. ఏప్రిల్లో నా దగ్గరికి తోలు. నేనెలాగూ పోయేముందు ఎవడికో ఒకడికి చెప్పి పోవాలిగా."

మూడూ యాభై మూడుకి ఫోన్ ఒకసారి అదిరింది. అందింది, సరిపోయింది. రెండే మాటలు. బోడ్నార్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు, కాళ్ళ గురించి ఏమీ తెలియడం లేదు, బూట్లు పాడైపోయాయి, భార్య ఐరీన్ తిడుతుంది, పొద్దున్న తను తలుపు తీస్తుంటే నాలుగు కొట్టినా భూమి ఆగదులే, శుక్రవారానికి చేప తెస్తావా లేదా చెప్పు అంది ఐరీన్, ఏటేటా అడుగుతుంది, ఏటేటా కొట్లో కొనుక్కొస్తాడు.

"ఎలాగూ తడిశావు," ఓడెల్ గాలం కర్ర చేతికిచ్చాడు. "అదిగో, ఆ రాయి అవతలికి."

నలభై ఏళ్ళయింది. చెయ్యికి గుర్తుంది. దారం గాలిలో సాగి, రాయికి అవతల చప్పుడు లేకుండా పడింది, ప్రవాహం దాన్ని మెల్లగా కిందికి తీసుకుపోతోంది, ఒడ్డున ఎవరి ట్రక్కులోనో రేడియో నాలుగు గంటల వార్తలు మొదలుపెట్టింది, టెక్సాస్ కుర్రాడి పేరు వినిపించింది, ఎవరో చప్పట్లు కొట్టారు, మంచుగుజ్జు ఎప్పుడు ఆగిందో ఆగిపోయింది. దారం బిగిసింది. చిన్నగా, తర్వాత గట్టిగా, లోపల ఏదో బరువుగా తల విదిలించింది. "మెల్లగా, మెల్లగా," అంటున్నాడు ముసలాయన. నోటికి తగిలిందో, పక్కకి తగిలిందో. బోడ్నార్ తొందరపడకుండా చుడుతున్నాడు. చూడ్డానికి కావాల్సినంత టైముంది.